పిడికిలంత సందు

రుద్దకూడదు. ఎంత రుద్దాలనిపించినా రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఊరికే అలా ఆనించి ఉంచాలి, చల్లబడితే మళ్లీ ముంచాలి, మళ్లీ ఆనించాలి. మొఖ్తా వంటింట్లో పొయ్యికి దూరంగా చాప మీద కూర్చుంది. ఆమె వదులైన ఫెరన్ చొక్కా లోపల, రోజూ చలి కాచుకునే నిప్పుల కుండ, కాంగ్రీ, ఉండే చోట, ఇవాళ కోడిపుంజు ఉంది. మెడ ఒక్కటి బయటికి పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్నుతో ఆమెనే చూస్తోంది. నిన్న సాయంత్రం దాకా ఊరంతటికీ కనపడేలా ఎర్రగా నిలబడిన తురాయి ఇప్పుడు కొసల దగ్గర తెల్లబడి, బూడిద రంగుకు తిరిగి, ముట్టుకుంటే కట్టెలా గట్టిగా ఉంది. ఐదు కొసలు. ఐదూ లెక్కపెట్టింది. గడ్డం కింద వేలాడే తోలు కాస్త నయం. మొగుడు రహీం మసీదు హమామ్‌కి వెళ్లాడు, అక్కడ వేడెక్కిన రాతి పలకల మీద కూర్చుంటే మగవాళ్లకు కబుర్లు తెమలవు, రొట్టెలు తీసుకుని వచ్చేసరికి గంట పడుతుంది. గంట చాలు. గంటలో ఇది ఎర్రబడాలి. లేదంటే, ఆయన రాగానే, అదిగో, చాప పక్కన పెట్టి ఉంచింది కత్తి.

కత్తి ఆలోచన ముందే వచ్చింది, గుడ్డ ఆలోచన తర్వాత వచ్చింది. ఆ సంగతి పైవాడికీ తనకూ తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు. తెల్లారి గూటి తలుపు తీసి దీని మొహం చూడగానే ఆమెకు తట్టిన మొదటి మాట, ఇది ఈ మధ్యాహ్నానికి కూర అయిపోతే బాగుండును అని. కోసేస్తే తురాయి ఎవరు చూస్తారు? తలకాయ పిల్లికి పోతుంది. గోడకు అటువైపు వాళ్లను పిలిచి, మంచు పందెం గెలిచాను కదమ్మా, ఇదిగో విందు అంటే సరిపోతుంది. ఊళ్లో ఎవరైనా పందెంలో గెలిచిన కోడిని తింటారు గానీ పెంచుకుంటారా? దిల్షాదా కూడా తింటుంది, వేళ్లు నాక్కుంటూ, అక్కా ఎంత బాగా వండావు అంటుంది. అనడం దానికి బాగా వచ్చు. దాని నోట్లోంచి ఒక్క చెడ్డమాట రాదు, వచ్చి ఉంటే ఈ పాటికి మొఖ్తా ప్రాణం ఎంత హాయిగా ఉండేదో.

దిల్షాదా ఆమె తోటికోడలు, మరిది నజీర్ పెళ్లాం, గోడకు అటువైపు ఉంటుంది. ఒకప్పుడు ఆ గోడ లేదు. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి, పొయ్యి దగ్గర మొఖ్తా, ఇరవై ఏళ్లు. తర్వాత నజీర్ పెళ్లి చేసుకుని దీన్ని తెచ్చాడు. గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ తెలియని పిల్ల, రెండేళ్లు తిరిగేసరికి అందరికీ అదే కావాలి. అది ఎండబెట్టిన సొరకాయ ముక్కల దండలే బూజు పట్టవు. అది కాచిన ఉప్పు చాయే గులాబీ రంగు తేలుతుంది. అదే సోడా, అదే ఉప్పు, అదే ఆకు, మొఖ్తా కాస్తే మాత్రం ఎర్రమట్టి నీళ్ల రంగు. మట్టిలో పాతిన టర్నిప్ దుంపలు కూడా, పిడుగు పడ, మార్చిలో తవ్వితే దాని గోతిలోవి మొన్న పాతినట్టు ఉంటాయి. అన్నదమ్ములు పొయ్యిలు వేరు చేసుకున్న రోజు పెద్దలందరూ వరండాలో కూర్చుని అత్త ఖతిజీని అడిగారు, అమ్మా నువ్వు ఏ పొయ్యి దగ్గర తింటావు అని. మొఖ్తా అప్పటికే అత్త పరుపు దులిపి మేడ మీద ఎండ వచ్చే గదిలో పరిచేసింది. ఖతిజీ లేచింది, తన కాంగ్రీ తీసుకుంది, జపమాల తీసుకుంది, మోకాళ్లు నొక్కుకుంటూ నడుచుకుంటూ అటువైపు వెళ్లిపోయింది. మెట్లెక్కలేను తల్లీ, వాళ్ల గది కిందే ఉంది అంది. మెట్లు! ఇరవై ఏళ్లు ఎక్కిన మెట్లు. ఏడేళ్ల కిందటి మాట అది, ఆ ఏడేళ్లూ మొఖ్తా ఆ గడప తొక్కలేదు. పండక్కి అత్తే వచ్చేది, వాకిట్లోనే కూర్చుని వెళ్లిపోయేది, మెట్ల వైపు చూసేది కూడా కాదు.

నీళ్లు చల్లబడ్డాయి. పొయ్యి మీది గిన్నెలోంచి గరిటెడు కలిపి, మోచేయి ముంచి చూసుకుంది. పసిపిల్లకు స్నానం పోసేటప్పుడు చూసుకున్నట్టే, వేడి తగలకూడదు, చల్లదనమూ తగలకూడదు. పొద్దున కంగారులో దీన్ని పొయ్యి దగ్గరికే పట్టుకుంది, అది గింజుకుని తల వెనక్కి లాక్కుంది. అప్పుడు గుర్తొచ్చింది, మంట దగ్గర పెట్టకూడదని, రుద్దకూడదని, మంచు పట్టిన తోలు మెల్లగా కరగాలని. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పోయిన చిల్లై కలాన్‌లో, ఆ నలభై రోజుల చలిలో, దిల్షాదా తన చుక్కల పెట్టను ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చుని ఇలాగే చేస్తుంటే, మొఖ్తా మేడ మీద కిటికీకి కొట్టిన ప్లాస్టిక్ కాగితం చిరుగులోంచి గంటసేపు చూసింది. నల్లబడిన కొసను అది కొయ్యలేదు, గిల్లలేదు, అలా వదిలేసింది, నెలకు అదే ఎండి రాలిపోయింది. ఎన్ని రోజులకు రాలిందో కూడా మొఖ్తాకు తెలుసు. కళ్లలో నిప్పులు పోసుకుని చూసేవాళ్లకు ఏదీ తప్పిపోదు. దిల్షాదా దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లకైనా ఇంత వచ్చి ఉండదు.

పుంజు గొంతులో ఏదో గురగుర అంది. ఆమె వంగి చూసింది, ఊపిరి బాగానే ఉంది. 'ఏమయ్యా తహశీల్దారూ' అంది మెల్లగా. ఆ పేరు నజీర్ పెట్టాడు, పొలాలు కొలవడానికి వచ్చినవాడిలా ఛాతీ ముందుకు పెట్టి, అడుగు తీసి అడుగు వేస్తూ వాకిలంతా తిరుగుతుందని. నిజమే, అంత అందం ఇంకే పుంజుకీ లేదు. మెడ మీద తేనె రంగు, తోక పచ్చగా మెరిసే నలుపు, ఆ తురాయి. దిల్షాదా దీన్ని గుడ్డులోంచి పెంచింది. ఇది దాని ఒళ్లో తల పెట్టి పడుకునేది. మొఖ్తా రోజూ కిటికీలోంచి చూసేది, రోజూ అనుకునేది, అది నాదైతే, నా వాకిట్లో అలా తిరిగితే. కోడి కావాలనా? షోపియాన్ సంతలో ఇలాంటివి పది దొరుకుతాయి. కాదు. దిల్షాదా దగ్గర ఉన్నదే కావాలి. దాని దగ్గర లేకుండా పోవాలి, తన దగ్గర ఉండాలి, రెండూ కావాలి.

అందుకే మొదటి మంచు పడ్డ రోజు అలా చేసింది. కొత్త మంచు పడినప్పుడు గుప్పెడు మంచును దేంట్లోనైనా దాచి ఎవరి చేతికైనా ఇవ్వాలి, వాళ్లు తెలియక అందుకుంటే ఓడినట్టు, అడిగింది ఇచ్చుకోవాలి, కనిపెట్టి వెంటపడితే ఇచ్చినవాళ్లు ఓడినట్టు. పిల్లలు, వదినలు, బావలు ఆడుకునే ఆట. యాభయ్యో ఏట పడబోతున్న ఆడది ఆడేది కాదు. మొఖ్తా రాగి పళ్లెంలో మంచు నింపి, పైన పసుపన్నం ఒక్క పొర పరిచి, గుడ్డ కప్పి, గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న ఆ గడప తొక్కి, పీడ పోవాలని మొక్కుకున్నానమ్మా, పంచుతున్నాను, తీసుకో అంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు అక్కడ. అత్త కిటికీ దగ్గర ఉంది. దిల్షాదా రెండు చేతులూ చాచి పళ్లెం అందుకుంది. ఆ క్షణం! 'కొత్త మంచు ముబారక్! ఓడావు, ఓడావు!' అని మొఖ్తా అరిచిన అరుపుకి చూరు మీది కాకులు లేచాయి. జన్మలో దాని మీద గెలిచిన ఒకే ఒక్కటి అది. ఏం కావాలక్కా, విందా అని నవ్వుతూ అడిగింది. తహశీల్దార్ కావాలి, ప్రాణంతో అంది మొఖ్తా. 'అదే అడగాలా, కోడలా?' అంది అత్త. ఆ ఒక్క మాటకే మొఖ్తాకు ఒళ్లు భగ్గుమంది, ఇంకేం అడిగినా ఇంత తృప్తి ఉండదని తేలిపోయింది. దిల్షాదా మొహం ఒక్క నిమిషం పాలిపోయింది, పాలిపోయి మళ్లీ నవ్వింది. ఓడినమాట ఓడినమాటే అని పుంజును ఎత్తి చేతుల్లో పెట్టింది.

ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. గుమ్మం దాకా వచ్చి జాగ్రత్తలు మొదలుపెట్టింది. 'అక్కా, గూటి పైన సందులు మాత్రం మూయకు. చలికి ఏం కాదు దానికి, తడికే అవుద్ది. కింద గడ్డి పొడిగా ఉంచు, రాత్రి లోపల నీళ్లు పెట్టకు.' చూశావా, అనుకుంది మొఖ్తా, దాని మంచితనం. చిల్లై కలాన్‌లో గూటికి సందులు తెరిచి ఉంచాలట! తన దగ్గర లేని పుంజు ఇంకొకరి దగ్గర బతకకూడదు, అంతేగా. చచ్చిపోతే, చెప్పానుగా అక్కా అంటుంది. అప్పుడు తన మనసులో ఉన్నదే దాని మనసులోనూ ఉందని ఆమె నమ్మింది, వేరేది ఉండవచ్చని తోచనే లేదు.

అయినా పది రోజులు సందులు తెరిచే ఉంచింది, అదీ నిజమే, చివరికి మూసింది కూడా చలికి కాదు. గూడు ఉన్నది రెండిళ్ల మధ్య మట్టిగోడకు ఆనుకుని. గోడలో చూరు కింద, కట్టినప్పుడు వదిలిన మూడు సందులు ఉన్నాయి, అవి అటు వాకిట్లోకి తెరుచుకుంటాయి. పుంజు రోజూ తెల్లవారుజామున పై కర్ర మీదికి ఎగిరి, మెడ సందులో పెట్టి, అటు తిరిగి కూసేది. ఇటు తిరిగి ఒక్కసారి కూయలేదు. మేత వేసేది తను, మక్కజొన్న కొని పోసేది తను, కూత మాత్రం అటు! అటునుంచి అత్త గొంతు, 'లేచావా దొరా, నీ కష్టం నాకు తగలనీ, లేచావా' అని. రహీం ఒకరోజు నవ్వుతూ చెప్పాడు, అమ్మ పడక మార్పించుకుందట, గోడ పక్కన వేయించుకుందట, పుంజు కూత వినపడాలని. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద తిరిగింది మొఖ్తా, ఆమె అడుగుల చప్పుడు వినడానికి ఎవరూ పడక జరుపుకోలేదు. కోడిపుంజు మీద కుళ్లుకునే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? ఇక్కడ ఉంది, చూడండి. మర్నాడు నిచ్చెన వేసుకుని, మూడు సందుల్లోనూ గుడ్డలు కుక్కి, పైన పాలిథిన్ కాగితం బిగించి మేకులు కొట్టింది. తలుపు సందులకు బురద మెత్తింది. చలి కదా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట సిద్ధంగా ఉంది.

నిన్న రాత్రి పైపుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి. చూరు నుంచి మంచు కడ్డీలు మనిషి చేయంత పొడుగు దిగాయి. మొఖ్తా నిప్పులు నింపిన కాంగ్రీ ఒకటి గూటిలో వేలాడదీసింది, గిన్నె నిండా వేడినీళ్లు పెట్టింది. దిల్షాదా గూట్లో ఏముంది, చిల్లులు తప్ప? తన గూట్లో హమామ్ ఉంది. పడుకునేముందు చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా, గర్భంలా వెచ్చగా ఉంది, అంత గర్వంగా పడుకుంది. తెల్లవారుజామున కూతకోసం మేలుకుంది. కూత లేదు. నమాజు పిలుపు అయింది, కూత లేదు. గూటి తలుపు తీస్తే తడి వాసన మొహాన కొట్టింది. కాంగ్రీ ఎప్పుడో ఆరిపోయింది. పాలిథిన్ అడుగున నీటి బొట్లు బొట్లుగానే గడ్డకట్టాయి, కింద గడ్డి తడిసి కర్రలా బిగుసుకుంది. గూట్లోని తన నాలుగు పెట్టలూ తలలు రెక్కల్లో దాచుకుని బాగానే ఉన్నాయి. తహశీల్దార్ మాత్రం పై కర్ర మీద, మూసేసిన సందుకు ఎదురుగా, తల ఎత్తుకుని, ఆ తడి అంతా తురాయి మీద పేరుకుని గడ్డకట్టి. రాత్రంతా గోడ వైపే చూస్తూ కూర్చుందన్నమాట. తన వెచ్చదనమే దీన్ని ఇలా చేసింది. దిల్షాదా నిజమే చెప్పింది. అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

గుడ్డ తీసి చూసింది. రెండు కొసలు ఎర్రబడుతున్నాయి, లోపలినుంచి రంగు పాకుతోంది, పుంజుకు నొప్పి పుడుతున్నట్టుంది, కాళ్లు కదుపుతోంది. మూడు కొసలు ఇంకా బూడిద. నల్లబడతాయి, తెలుస్తూనే ఉంది, ఎండి రాలతాయి, ఆ తర్వాత మొండి కొసలతో ఊరంతా తిరుగుతుంది, చూసినవాళ్లంతా అడుగుతారు, దిల్షాదా దగ్గరున్నప్పుడు ఎలా ఉండేదీ అంటారు. రహీం వచ్చేస్తాడు. కోయమంటే నిమిషం పని. ఆమె కత్తి వైపు చూసింది. పుంజు ఆమె కడుపుకి ఇంకా దగ్గరగా ముడుచుకుంది. దాని గుండె తన పొట్టకు తగులుతోంది, ఎంత వేగంగా కొట్టుకుంటోందో. తన ఒళ్లో ఇది పడుకోవడం ఇదే మొదటిసారి, అది కూడా చావు మీదికి వచ్చాక.

బయట మంచు మీద అడుగులు. మగ అడుగులు కావు.

'అక్కా! తలుపు తియ్యి. తహశీల్దార్ ఇవాళ కూయలేదేం? అత్త పొద్దున్నించీ ప్రాణం తీస్తోంది, వెళ్లి చూసిరా, వెళ్లి చూసిరా అని.'

కత్తి చాప కిందికి తోసేయాలనుకుంది. ఒక చేతిలో పుంజు, ఒక చేతిలో గుడ్డ. తలుపు గడియ వేయలేదు కూడా. దిల్షాదా లోపలికి వచ్చి, ఫెరన్ మీది మంచు దులుపుకుంటూ ఒక్క చూపులో అన్నీ చూసింది, తురాయి, గుడ్డ, గిన్నె, కత్తి. కత్తి దగ్గర చూపు ఆగింది, ఆగి పక్కకు తప్పుకుంది. 'సందులు మూసేశావా' అంది. తిట్టినట్టు కాదు, చాయ్‌లో ఉప్పు వేశావా అన్నట్టు. ఎదురుగా చతికిలబడి నీళ్లలో వేలు పెట్టి చూసింది. 'సరిగ్గానే ఉన్నాయి. నువ్వు సరిగ్గానే చేస్తున్నావక్కా. ఎవరు చెప్పారు నీకు?'

పుంజు ఆ గొంతు విని మెడ సాచింది, రెండో కన్ను తెరిచింది, దిల్షాదా మోకాలి మీద తల పెట్టేసింది. అంత నొప్పిలోనూ! మొఖ్తా కడుపులో ఎప్పుడూ మండే చోటే మళ్లీ మండింది, సిగ్గు లేకుండా.

'తీసుకుపో దీన్ని' అంది. 'నీదే. తీసుకుపో, పెంచుకో. నా చేతిలో ఏదీ నిలవదు.'

'ఎట్లా తీసుకుపోతా? ఓడింది నేను కదా.'

'మోసం చేసి గెలిచాను. పసుపన్నం అని అబద్ధం చెప్పాను.'

దిల్షాదా నవ్వింది, గుడ్డ తను తీసుకుని ముంచి పిండింది. 'అక్కా, అన్నం పళ్లెం అడుగు ఎక్కడైనా మంచుగడ్డలా ఉంటదా? చేయి తగలంగానే తెలిసింది నాకు.'

'తెలిసీ తీసుకున్నావా?'

'ఏడేళ్లకి మా గడప తొక్కావు. తీసుకోను, కనిపెట్టేశాను అంటే పళ్లెం పట్టుకుని అట్లాగే వెళ్లిపోయేదానివి. మళ్లీ ఇంకో ఏడేళ్లు. ఒక విందే కదా అడుగుతావు అనుకున్నా.' గుడ్డను కొసల మీద ఆనించి, తల వంచుకునే ఉంది. 'నువ్వు తహశీల్దార్‌ని అడిగేశావు. నాకేం తెలుసు? రెండు రోజులు ఏడ్చాను, నిజం చెప్తున్నా. కత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నావే, కోసేద్దామనుకున్నావా?'

'అనుకున్నాను.'

'ఇప్పుడు?'

గెలిచిన ఒక్కటి కూడా గెలవలేదన్నమాట. అది కూడా దానం. కాకులు లేచేట్టు అరిచిన అరుపు కూడా ఇది చేతిలో పెట్టిందే. ఓడిపోవడం కూడా తనకంటే బాగా వచ్చు దీనికి. మొఖ్తాకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు అసూయ వచ్చింది, ఇన్నేళ్లూ లేనంత అసూయ, దీని ఛాయ మీద కాదు, చాయ్ మీద కాదు, ఆ పళ్లెం కింద చల్లదనం తగిలి కూడా చేతులు వెనక్కి తీసుకోకుండా ఉండగలిగింది చూడు, దాని మీద. అది తనకు కావాలి. దొంగిలించడానికి వీల్లేనిది ఇదొక్కటే కనపడింది దీని దగ్గర.

గేటు చప్పుడైంది. రహీం దగ్గుకుంటూ, వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఏడేళ్ల తర్వాత ఒకే చాప మీద ఇద్దరు తోటికోడళ్లు, మధ్యలో కోడి.

'ఏంటిది? కత్తి బయట ఎందుకుంది?'

మొఖ్తా పుంజును ఫెరన్‌లోంచి తీసి దిల్షాదా ఒళ్లో పెట్టింది. కాళ్లు తిమ్మిరెక్కాయి, గోడ పట్టుకుని లేచింది. కత్తి తీసుకుంది.

'పాలిథిన్ కోయడానికి' అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగకుండానే, ఏడేళ్లలో కాదు, ఈ ఇంట్లో ఆ పిల్ల అడుగు పెట్టినప్పటినుంచీ ఎప్పుడూ అడగని మాట అడిగింది.

'దిల్షాదా, సందు ఎంత ఉంచమంటావే?'

'నీ పిడికిలి పట్టేంత, అక్కా. అంతకంటే తగ్గించకు.'

నిచ్చెన మెట్లు మంచుకు జారుతున్నాయి. మొఖ్తా మేకులు ఊడదీసింది, కాగితం నిలువునా కోసింది, కుక్కిన గుడ్డలు ఒక్కొక్కటీ లాగింది. చివరి సందులో పిడికిలి పెట్టి చూసుకుంది. సరిగ్గా పట్టింది. చేయి వెనక్కి తీయగానే అటునుంచి చల్లగాలి మొహాన కొట్టింది, దాని వెంటే గోడ పక్కన పడక మీదినుంచి ముసలి గొంతు.

'లేచావా దొరా? నీ కష్టం నాకు తగలనీ, లేచావా?'

మొఖ్తా నోరు సందు దగ్గర పెట్టింది. 'పుంజు కాదత్తా' అంది. 'నేను.'